కుండీలో కూరాకు, ఆకు అడుగున పురుగు

పెరడు లేని ఇంట్లో కూడా కరివేపాకు కుండీ ఒకటి ఉంటుంది. విజయవాడలో సత్యనారాయణపురం పాత ఇళ్ల వసారాల్లో, పటమట అపార్ట్‌మెంట్ల బాల్కనీల్లో, భవానీపురం డాబాల మీద ఎక్కడ చూసినా తులసి, కరివేపాకు, పుదీనా, వాము ఆకు కుండీలు కనిపిస్తాయి. కాస్త ఓపిక ఉన్నవాళ్లు కొత్తిమీర, మెంతి కూడా వెడల్పాటి తొట్టెల్లో చల్లుకుంటారు. ఈ మొక్కలన్నిటికీ చీడ పడుతుంది. మొక్క ఎంత చిన్నదైతే నష్టం అంత తొందరగా తెలుస్తుంది. ఎకరం తోటలో పది గొంగళి పురుగులు లెక్కలోకి రావు. అడుగు ఎత్తు కరివేపాకు మొక్క మీద మూడు చేరితే నాలుగు రోజుల్లో ఈనెలు తప్ప ఏమీ మిగలవు.

పొలంలో పంటకూ కుండీలో కూరాకుకూ అసలు తేడా కోత దగ్గర ఉంది. పొలంలో మందు కొట్టాక ఎన్ని రోజులు ఆగి పంట కోయాలో మందు డబ్బా మీద రాసి ఉంటుంది. ఆ గడువులో ఎండకూ గాలికీ మందు విరిగిపోయి, దాని అవశేషం తగ్గుతుంది. కుండీ మొక్కకు అన్నేసి రోజుల గడువు పెట్టడం కష్టం. పొద్దున పప్పులోకి రెండు రెబ్బలు, మధ్యాహ్నం మజ్జిగలోకి ఒక రెబ్బ, సాయంత్రం పచ్చడిలోకి గుప్పెడు పుదీనా, ఇలా రోజూ కోత సాగుతూనే ఉంటుంది. తులసి దళమైతే వండే పని కూడా లేకుండా నేరుగా తీర్థంలోకి, అక్కడి నుంచి పసిపిల్లల నోట్లోకి వెళుతుంది. కాబట్టి ఇంటి కుండీలో చీడ సంగతి చూసుకోవడమంటే విషం జోలికి పోకుండా చూసుకోవడమే. అది సాధ్యమే. ఎందుకంటే పొలంలో రైతుకు కుదరని పని ఒకటి ఇక్కడ కుదురుతుంది: ప్రతి ఆకునూ తిరగేసి చూడవచ్చు.

పురుగుల్లో ఎక్కువ భాగం ఆకు అడుగునే కాపురం పెడతాయి. ఎండ, వాన, పక్షి కన్ను తగలని చోటు అది. పొద్దున నీళ్లు పోసేటప్పుడు కొమ్మ వంచి లేత చిగుళ్లూ ఆకుల వెనక భాగమూ చూస్తే, చీడ పదుల్లో ఉన్నప్పుడే దొరికిపోతుంది. కంటికి ఆననంత చిన్న పురుగుల కోసం ఒక తెల్ల కాగితం చాలు. దాన్ని కొమ్మ కింద పట్టి, కొమ్మను వేలితో రెండుసార్లు తట్టాలి. కాగితం మీద రాలిన నలుసులు కదిలాయంటే అవి నలుసులు కావు. ఎర్రగా, మెల్లగా నడిచేవి ఎర్రనల్లి. సన్నగా, పొడుగ్గా ఉండి చురుగ్గా పాకేవి తామర పురుగులు.

చీడల్లో నమిలేవి కొన్ని, రసం పీల్చేవి కొన్ని. నమిలే పురుగు ఆకును కొరికి రంధ్రాలు చేస్తుంది, కింద నల్లటి పెంటికలు రాలుస్తుంది, కనుక దాన్ని పట్టుకోవడం సులువు. రసం పీల్చే పురుగు ఆకును చింపదు. సూదిలాంటి నోటిని ఆకులో గుచ్చి రసం లాగుతుంది. ఆకు ముడుచుకుపోతుంది, పాలిపోతుంది, చిగురు గిడసబారుతుంది. నీళ్లు చాలలేదేమోనని ఇంట్లోవాళ్లు ఇంకో చెంబెడు పోస్తారు. ఇళ్లలో మొక్కలు ఎక్కువగా చచ్చేది ఈ రెండో రకం వల్లే.

వాటిలో ముందు చెప్పుకోవలసింది పేనుబంక. చలికాలంలో, ముఖ్యంగా పుష్య మాఘ మాసాల్లో మంచు పడే రోజుల్లో, కొత్తిమీర పూత కాడల మీద, మెంతి చిగుళ్ల మీద ఇది గుంపులుగా చేరుతుంది. ఆకుపచ్చగానో నల్లగానో ఉండే ఈ మెత్తటి పురుగులో ఆడది మగదానితో కలవకుండానే పిల్లల్ని పెడుతుంది, అదీ గుడ్లుగా కాకుండా నేరుగా పిల్లలుగానే. అనుకూలమైన వాతావరణంలో ఆ పిల్ల వారం పది రోజుల్లో తానూ పిల్లలు పెట్టడం మొదలుపెడుతుంది. సోమవారం ఒక చిగురు మీద కనిపించినవి తర్వాతి సోమవారానికి తొట్టె అంతా పాకడం వెనక కారణం ఇదే. పేనుబంక తాగిన రసంలోని చక్కెర చాలామటుకు జిగురుగా బయటికి వస్తుంది. ఆ తీపి జిగురు మీద నల్లటి బూజు పెరిగి ఆకు మసి పూసినట్టవుతుంది. ఆ తీపి కోసమే చీమలు వస్తాయి.

చీమల సంగతి దగ్గర కొంచెం ఆగాలి. కుండీ మీద చీమల బారు కనిపిస్తే మొక్కను చీమలు తింటున్నాయనుకుని చీమల మందు చల్లేవాళ్లు చాలామంది. చీమ ఆకు తినదు. అది పేనుబంకకూ పిండినల్లికీ కాపలా కాస్తుంది. వాటిని తినడానికి వచ్చే మిత్ర పురుగులను తరిమేస్తుంది. అందుకే చీమల దారి తెంపకుండా ఎంత పిచికారీ చేసినా చీడ తిరిగి వస్తుంది. కుండీ కింద ఇటుక పెట్టి, ఆ ఇటుకను నీళ్ల పళ్లెంలో ఉంచితే చీమ ఎక్కలేదు. అయితే ఆ నీళ్లలో దోమలు గుడ్లు పెడతాయి. రెండు చుక్కల సబ్బు ద్రావణం వేసి, రెండు రోజులకోసారి నీళ్లు మార్చడం తప్పనిసరి. కొమ్మలు గోడకో కిటికీ ఊచకో ఆనకుండా చూడాలి, లేకపోతే చీమకు అదే వంతెన. తులసి కోటలో పూజ చేసినప్పుడు మొక్క మొదట్లో పోసే పాలు, పెట్టే బెల్లం, చక్కెర నైవేద్యం కూడా చీమలను పిలుస్తాయి. నైవేద్యాన్ని కోట గూట్లో పళ్లెంలో పెట్టి, పూజ కాగానే తీసేస్తే మొక్కకు మేలు.

పిండినల్లి చూడటానికి కణుపుల్లో అంటుకున్న తెల్లటి పిండి. వేలితో నలిపితే లోపలి రసం బయటపడుతుంది. తులసి, కరివేపాకు, వాము ఆకు కణుపుల్లో, మందార ఉన్న ఇంట్లోనైతే దాని పక్కనున్న అన్ని కుండీల్లో ఇది చేరుతుంది. ఒంటి మీది మైనపు పొర వల్ల నీళ్లు గానీ మందు గానీ దానికి అంటవు. అందుకే పిచికారీకి ముందు చేతి పని చెయ్యాలి. సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూదితో ఒక్కొక్క తెల్ల మచ్చనూ తుడిస్తే మైనం కరిగి పురుగు చస్తుంది. రెండు మూడు కుండీలకు ఇది పావుగంట పని. స్పిరిట్ తగిలిన కొమ్మను తర్వాత నీళ్లతో కడగాలి.

ఈ పురుగు విషయంలో దక్షిణ భారతం చూసిన అనుభవం ఒకటి ప్రతి ఇంటివాళ్లూ తెలుసుకోదగ్గది. మెక్సికో ప్రాంతానికి చెందిన బొప్పాయి పిండినల్లి 2008లో కోయంబత్తూరు దగ్గర కనిపించింది. బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం, ఇళ్లలోని మందారాల దాకా దేన్నీ వదల్లేదు. రసాయనాలకు లొంగలేదు. చివరికి 2010లో బెంగళూరులోని జాతీయ కీటక పరిశోధనా సంస్థ అసిరోఫేగస్ పపాయే అనే చిన్న పరాన్నజీవి కందిరీగను ప్యూర్టోరికో నుంచి తెప్పించి తోటల్లో వదిలింది. పిండినల్లి ఒంట్లోనే గుడ్డు పెట్టి, దాన్ని లోపలి నుంచి తినేసే ఆ కందిరీగ కొద్ది నెలల్లోనే బెడదను అణిచింది. అంతకు చాలా ముందు, 1898లోనే, కాఫీ తోటల్లో పొలుసు పురుగుల కోసం ఆస్ట్రేలియా నుంచి క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగును మన దేశానికి తెచ్చారు. అది ఇప్పటికీ ఇక్కడ పిండినల్లిని తింటూ బతుకుతోంది. దాని పిల్ల పురుగు ఒళ్లంతా తెల్లటి మైనపు పోగులతో అచ్చం పెద్ద పిండినల్లిలాగే ఉంటుంది. ఇళ్లలో చాలాసార్లు ముందుగా చచ్చేది అదే. గుర్తు పట్టడానికి ఒక తేడా ఉంది: పిండినల్లి కదలదు, కదిలినా నత్తనడకే. ఇది మాత్రం చకచకా పాకుతుంది. తెల్లగా ఉండి చురుగ్గా నడిచేదాన్ని వదిలేయాలి.

మామూలు అక్షింతల పురుగును, ఎర్రటి గుండ్రటి ఒంటి మీద నల్ల చుక్కలున్నదాన్ని, ఎవరూ చంపరు. దాని పిల్ల పురుగు మాత్రం నల్లగా, గరుకుగా, నారింజ మచ్చలతో భయపెట్టేలా ఉంటుంది. పేనుబంకను అది కూడా ఆబగా తింటుంది. పేనుబంకను తినే అల్లిక రెక్కల పురుగు గుడ్లు సన్నటి వెంట్రుక కాడ చివర తెల్లటి చుక్కల్లా ఆకు అడుగున నిలబడి ఉంటాయి. అవి కనిపించిన ఆకును తుడవకూడదు. కొత్తిమీర తొట్టెలో నాలుగు మొక్కలను కోయకుండా పూతకు వదిలితే, ఆ చిన్న తెల్ల పూల తేనె కోసం సిర్ఫిడ్ ఈగలు, పరాన్నజీవి కందిరీగలు వస్తాయి. వచ్చినవి పక్క కుండీల్లో పేనుబంకను వెతుక్కుంటాయి. ధనియాలు రెండో లాభం.

తెల్లదోమ కుండీ తట్టగానే గుప్పున లేచి మళ్లీ అక్కడే వాలుతుంది. కృష్ణా డెల్టాలో వరి కోశాక మినుము వేస్తారు. మినుముకు పల్లాకు తెగులు మోసుకొచ్చేది తెల్లదోమే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మినుము ఎండి పీకేశాక, పొలాలకు దగ్గరగా ఉన్న ఊళ్లలో అది పచ్చగా మిగిలిన పెరటి మొక్కల మీద పడుతుంది. కొబ్బరి చెట్లున్న వీధుల్లో బాధ ఇంకో రకం. రుగోస్ సర్పిలాకార తెల్లదోమ అనే మధ్య అమెరికా పురుగు 2016లో తమిళనాడు, కేరళ సరిహద్దు కొబ్బరి తోటల్లో మన దేశంలో మొదటిసారి కనిపించి, తర్వాత కోస్తా జిల్లాలకు పాకింది. కొబ్బరి మట్టల అడుగున తెల్లటి వలయాలుగా గుడ్లు పెడుతుంది. పైన చెట్టు నుంచి దాని జిగురు రాలి కింద ఉన్న తులసి, జామ, అరటి ఆకులన్నీ మసిబారతాయి. అలాంటి చోట కుండీకి మందు కొట్టి లాభం లేదు. కుండీని చెట్టు కింద నుంచి జరపాలి, మసిబారిన ఆకును తడిగుడ్డతో తుడవాలి. చెట్టు సంగతిని ఎన్‌కార్సియా అనే పరాన్నజీవి కందిరీగకూ, ఐసేరియా అనే శిలీంధ్రానికీ వదలాలి. కోనసీమలో అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఈ రెండింటినీ కొబ్బరి రైతుల కోసం పెంచి ఇచ్చింది. బాల్కనీలో తెల్లదోమకు పసుపు రంగు అట్ట చాలావరకు పనిచేస్తుంది. పసుపు పచ్చటి ప్లాస్టిక్ ముక్కకు ఆముదం పూసి మొక్క ఎత్తులో వేలాడదీస్తే ఆ రంగుకు వచ్చి అంటుకుంటాయి. దుమ్ము పట్టాక తుడిచి మళ్లీ పూయాలి.

కరివేపాకు కథ పెద్దది, ఎందుకంటే దానికి చీడ పెట్టే పురుగులు చాలామటుకు నిమ్మ జాతి పురుగులే. రెండూ ఒకే కుటుంబం మొక్కలు. కృష్ణకు అవతలి ఒడ్డున మంగళగిరి దగ్గర పెదవడ్లపూడి కరివేపాకు తోటలకు పేరు. అక్కడి తోటలకైనా ఇంటి కుండీకైనా మొదటి శత్రువు సిల్లిడ్ అనే చిన్న పురుగు. మిల్లీమీటర్లలో కొలిచే దీని గోధుమ రంగు ఒళ్లు ఆకు మీద తల కిందికీ తోక పైకీ ఏటవాలుగా ఎత్తిపెట్టి కూర్చుంటుంది. ఈ కూర్చునే తీరే దాని గుర్తు. ఇంకా విచ్చుకోని చిగురు మడతల్లో పసుపు గుడ్లు పెడుతుంది. పిల్లలు రసం పీలుస్తూ తెల్లటి మైనపు పోగులు విడుస్తాయి. చిగురు మెలితిరిగి ఎండిపోతుంది. నిమ్మ, బత్తాయి చెట్లకు గ్రీనింగ్ అనే ప్రాణాంతకమైన తెగులును మోసేది కూడా ఇదే. కనుక నిమ్మ మొక్క, కరివేపాకు మొక్క ఉన్న ఇంట్లో రెండింటినీ కలిపే చూసుకోవాలి.

సిల్లిడ్ చిగురు లేకుండా సంతానాన్ని పెంచలేదు. చీడ పట్టిన చిగుళ్లన్నిటినీ ఒకేసారి తుంచి సబ్బు నీళ్లలో ముంచేస్తే గుడ్లు, పిల్లలు, అన్నీ పోతాయి. తుంచినవాటిని డాబా మీద పారేస్తే తిరిగి మొక్క ఎక్కుతాయి. కరివేపాకుకు తుంచడం మేలే చేస్తుంది, పక్క కొమ్మలు వేసి గుబురెక్కుతుంది. వర్షాకాలంలో మొక్క వరసగా చిగురు వేస్తుంది కాబట్టి ఆ నెలల్లో ఈ పని రెండు మూడు విడతలు చెయ్యాలి.

రెండో శత్రువు సీతాకోకచిలుక పిల్ల. నల్లటి రెక్కల మీద లేత పసుపు మచ్చలు, వెనక రెక్క అంచున ఎర్ర చుక్క ఉన్న నిమ్మ సీతాకోకచిలుక లేత ఆకు మీద ఒక్కొక్క గుడ్డే, గుండ్రంగా, లేత పసుపు రంగులో పెట్టి వెళుతుంది. పుట్టిన పురుగు ముదురు గోధుమ రంగులో తెల్లటి పట్టీతో పిట్ట రెట్టలా కనిపిస్తుంది. పక్షులు మోసపోవడానికే ఆ వేషం, ఇంటివాళ్లు కూడా మోసపోతారు. చివరి దశలో ఆకుపచ్చగా, చిటికెన వేలంత లావుగా మారుతుంది. అప్పుడు దాన్ని ముట్టుకుంటే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు రెండు బయటికి చాచి ఘాటైన వాసన కొడుతుంది. అది కుట్టదు, ఏ హానీ చెయ్యదు. దీనికి ఏ మందూ అక్కర్లేదు. ఆకుతో సహా తీసి, దగ్గర్లో పెద్ద నిమ్మ చెట్టో మారేడు చెట్టో ఉంటే దాని మీద వదిలితే బతుకుతుంది, ఆ చెట్టుకు ఈ తిండి లెక్క కాదు. వాటి ఆకులే దాని ఆహారం. అంత అందమైన ప్రాణిని నలిపేయవలసిన అవసరం లేదు.

ముదిరిన కరివేపాకు కాండం మీద గోధుమ రంగు బొడిపెలు అంటుకుని కనిపిస్తే అవి పొలుసు పురుగులు. పాత టూత్‌బ్రష్‌ను సబ్బు నీళ్లలో ముంచి రుద్దితే రాలిపోతాయి. ఇక కరివేపాకు మొదట్లో పుల్ల మజ్జిగ పోయడం తెలుగు ఇళ్లలో తరాల నాటి అలవాటు. మొక్కకు అది పోషణ ఇస్తుంది, పురుగును మాత్రం చంపదు.

తులసి మీద ఇటీవలి సంవత్సరాల్లో ఎక్కువగా ఫిర్యాదు వినిపిస్తున్నది ఆకులు పాలిపోయి, వంకర తిరిగి, చివరికి పుల్లలుగా మిగలడం. దిష్టి తగిలిందనీ, మైల తగిలిందనీ, ఇంటికేదో కీడు జరగబోతోందనీ బాధపడేవాళ్లున్నారు. ఆకు తిరగేసి చూస్తే కారణం తెలుస్తుంది. అడుగున రెండు మూడు మిల్లీమీటర్ల పురుగులు, జాలీ అల్లినట్టుండే పారదర్శకమైన రెక్కలతో ఉంటాయి. వాటి చుట్టూ తారు చుక్కల్లా నల్లటి మచ్చలు, అవి వాటి విసర్జనలు. లేస్ బగ్ అనే ఈ పురుగు శాస్త్రనామం కోక్లోకైలా బుల్లిటా. తులసి కుటుంబం మొక్కలంటే దీనికి ప్రాణం. ముందుగా, పట్టిన కొమ్మలను కత్తిరించి తీసేయాలి. మిగిలిన కొమ్మలను ఆకు అడుగున నీళ్ల ధార పడేలా వరసగా నాలుగైదు రోజులు కడగాలి. ఎదిగిన పురుగు కొట్టుకుపోతుంది గానీ, గుడ్లు ఆకు కణజాలంలో దిగి ఉంటాయి కనుక వారం తర్వాత పిల్లలు బయలుదేరతాయి. అందుకే ఒక్కసారి కడిగి ఊరుకుంటే చాలదు. కంకులు ముదరకముందే గిల్లేస్తూ ఉంటే మొక్క కొత్త కొమ్మలు వేసి నిలబడుతుంది. మంగళ, శుక్రవారాల్లో, ఏకాదశి ద్వాదశుల్లో తులసి కోయని ఇళ్లవాళ్లు కత్తిరింపుకు వేరే రోజులు చూసుకుంటారు, నీళ్లతో కడగడానికి మాత్రం ఏ తిథీ అడ్డురాదు. తులసికి ఆకు ముడుచు పురుగు కూడా ఉంది. సన్నటి దారంతో రెండు ఆకుల్ని కలిపి కుట్టి లోపల కూర్చుంటుంది. ఆ ముడత విప్పి పురుగును తీసేయడమే.

పుదీనాకు ఎండాకాలం గండం. రోహిణి కార్తెలో వడగాడ్పులకు డాబా సిమెంటు రాత్రి దాకా వేడి కక్కుతుంది. ఆ పొడి వేడిలో ఎర్రనల్లి వారం రోజుల్లోనే ఒక తరం పూర్తి చేసుకుంటుంది. ఎర్రనల్లికి ఎనిమిది కాళ్లు, అది నిజానికి కీటకం కాదు, సాలీడుకు చుట్టం. ఆకు మీద సూదిమొనంత తెల్ల చుక్కలు, ఆ తర్వాత కంచు రంగు, చివరికి సన్నటి బూజు గూడు, ఇవీ వరస. తేమ దానికి పడదు. కుండీని తూర్పు వైపు నీడకు మార్చి, షేడ్‌నెట్ కట్టి, సాయంత్రం ఆకు అడుగుకు తగిలేలా నీళ్లు చిమ్మితే చాలావరకు తగ్గుతుంది. బాగా ముదిరితే నేల మట్టానికి కోసి, కోసినదంతా పారేసి, నీళ్లు పోస్తూ ఉండాలి. పుదీనా భూమిలోని కాడల నుంచి మళ్లీ లేస్తుంది, కొత్త చిగురు శుభ్రంగా వస్తుంది. వానాకాలంలో పుదీనా మీద పొగాకు లద్దెపురుగు పడుతుంది. పగలు మట్టిలో దాక్కుని రాత్రి తింటుంది కనుక, రాత్రి ఎనిమిది దాటాక టార్చి వేసి చూసి ఏరేయాలి.

మెంతి గురించి చెప్పవలసింది తక్కువ. విత్తిన 25 రోజులకే కోతకొస్తుంది. చీడ కనిపిస్తే కడిగి కూర వండేసి, మళ్లీ విత్తుకోవడమే మేలు. ఆకు మీద తెల్లటి వంకర గీతలు పడితే లోపల ఆకు తొలిచే పురుగు ఉన్నట్టు. ఆ ఆకులు గిల్లి పారేస్తే సరి.

మట్టిలోనూ శత్రువులుంటాయి. సగం మాగిన పేడ ఎరువు కుండీలో వేస్తే దానితో పాటు తెల్లటి, వంకర ఒంటి వేరుపురుగులు వస్తాయి. మొక్క కారణం లేకుండా వాడిపోయి, పట్టి లాగితే ఊడి వస్తుంది. బాగా చివికి, పేడ వాసన పోయిన ఎరువే వేయాలి. మట్టి కలిపేటప్పుడు కుండీకి గుప్పెడు వేపపిండి కలపాలి. కొబ్బరి పొట్టు ఎక్కువ వేసి రోజూ తడిపే కుండీల మీద చిన్న నల్లటి ఈగలు ఎగురుతుంటాయి. వాటి పిల్లలు తడి మట్టిలో లేత వేళ్లు కొరుకుతాయి. పై అంగుళం మట్టి ఆరాకే నీళ్లు పోస్తే అవి నిలవవు. నర్సరీ నుంచి తెచ్చిన కొత్త మొక్కను, అది కడియం నుంచి వచ్చినా వీధి చివర బండి మీద కొన్నా, రెండు వారాలు మిగతా కుండీలకు దూరంగా ఉంచాలి. ఇళ్లలోకి పిండినల్లి, తెల్లదోమ ఎక్కువగా వచ్చే దారి ఇదే. మొక్క ఏపుగా రావాలని చిటికెడు యూరియా వేసే అలవాటు కూడా మంచిది కాదు. ముదురాకుపచ్చగా, మెత్తగా పెరిగిన చిగురు మీదికే పేనుబంక ముందుగా వస్తుంది.

నీళ్లూ చేతులూ చాలనప్పుడు సబ్బు ద్రావణం. లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, అంటే ఒక టీ చెంచాడు ద్రవ సబ్బు. గుడ్డలుతికే డిటర్జెంటు పొడి ఆకును మాడుస్తుంది, వాడకూడదు. సబ్బు మెత్తటి ఒళ్లున్న పురుగు పై పొరను కరిగించి చంపుతుంది. తడిసిన పురుగే చస్తుంది, ఆరిన తర్వాత సబ్బుకు ఏ శక్తీ ఉండదు. కాబట్టి ఆకు అడుగు పూర్తిగా తడవాలి. రెండు గంటల తర్వాత మంచినీళ్లతో కడగాలి. గుడ్లు దీనికి చావవు కనుక ఐదారు రోజులకోసారి మూడు విడతలు కొట్టాలి. ఇందులో డెల్టావాళ్లకు ఒక చిక్కు ఉంది. సముద్రానికి దగ్గరైన బందరు ప్రాంతంలోనూ, ఇంకా చాలాచోట్లా బోరు నీళ్లు ఉప్పగానో గట్టిగానో ఉంటాయి. ఆ నీళ్లలో సబ్బు విరిగిపోతుంది, నురగ రాదు, పురుగు చావదు. కుళాయిలో వచ్చే కృష్ణ నీళ్లో, పట్టిన వాన నీళ్లో వాడాలి.

ఆ తర్వాతి మెట్టు వేప. జ్యేష్ఠ ఆషాఢాల్లో ఊరి వేప చెట్ల కింద పండ్లు రాలతాయి. గుజ్జు కడిగి, గింజలు నీడలో ఆరబెట్టి, గాలి ఆడే గుడ్డ సంచిలో పెట్టుకుంటే ఏడాది పొడవునా మందు ఇంట్లోనే ఉంటుంది. 50 గ్రాముల గింజల పప్పును పొడి చేసి, గుడ్డలో మూట కట్టి, లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున పిండి వడకట్టి, చిటికెడు సబ్బు కలిపితే అదే రైతులు చెప్పే 5 శాతం వేప గింజల కషాయం. సాయంత్రం కొట్టాలి. ఎండకు అందులోని అజాడిరక్టిన్ విరిగిపోతుంది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ప్రధాన్ బృందం 1962లో వేప గింజల పొడి కలిపిన నీళ్లు చల్లిన పైరును మిడతలు ముట్టవని చూపింది. అజాడిరక్టిన్‌ను ఇంగ్లండులో 1968లో వేరుచేశారు. వేపతో తయారుచేసే శిలీంధ్రనాశినిపై ఒక అమెరికన్ కంపెనీ, అమెరికా వ్యవసాయ శాఖ కలిసి ఐరోపాలో తీసుకున్న పేటెంటును, మన వాళ్ల పోరాటంతో 2005లో ఖాయంగా రద్దు చేశారు. వేప పురుగును కొట్టిన వెంటనే చంపదు. తిండి మాన్పిస్తుంది, కుబుసం విడవనివ్వదు. నాలుగైదు రోజులు ఓపిక పట్టాలి. వేపనూనె వాడేవాళ్లు 5 మిల్లీలీటర్ల నూనెలో ముందు సబ్బు ద్రావణం వేసి తెల్లగా మారేదాకా కలిపి, ఆ తర్వాతే లీటరు నీళ్లు పోయాలి. నూనె పైకి తేలితే ఆకు మాడుతుంది. మొదట ఒక కొమ్మ మీద కొట్టి ఒక రోజు చూడటం మంచిది. చేదు పోవడానికి రెండు మూడు రోజులు ఆగి, బాగా కడిగి వాడుకోవాలి.

ప్రకృతి వ్యవసాయంలో వాడే కషాయాలన్నీ కుండీకి పనికిరావు. ఆవు మూత్రం, పేడ, వేపాకుతో చేసే నీమాస్త్రం పొలానికి మంచిదే. పచ్చిగా నమిలే తులసి, పుదీనా ఆకు మీద మాత్రం చల్లకూడదు. అగ్నిఅస్త్రంలో పొగాకు, కొన్ని బ్రహ్మాస్త్రాల్లో ఉమ్మెత్త ఉంటాయి. రెండూ మనిషికి విషాలే. సహజమైనదైనంత మాత్రాన విషం విషం కాకుండా పోదు. కట్టెల బూడిదను జల్లెడ పట్టి పొద్దుటి మంచు తడి మీద పలచగా చల్లడం ఇంతకంటే క్షేమం, మెత్తటి పురుగులు ఎండిపోతాయి. వాన పడితే కడుక్కుపోతుంది. అతిగా చల్లితే మట్టి చౌడుబారుతుంది. గొంగళి పురుగులకు బీటీ అనే బాక్టీరియా పొడి, రసం పీల్చేవాటికి వెర్టిసిలియం అనే శిలీంధ్రం పొడి బజార్లో దొరుకుతాయి. ఆ శిలీంధ్రం గాలిలో తేమ ఉంటేనే మొలుస్తుంది, డెల్టా వానాకాలం దానికి బాగా అనుకూలం. గరికపాడు, ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రాల్లో వీటి వాడకం గురించి అడిగి తెలుసుకోవచ్చు.

ఇంట్లో మిర్చి, పత్తి రైతు బంధువులుంటే మిగిలిన మందు సీసా ఒకటి అటక మీద ఉంటుంది. అది కుండీ దగ్గరికి రాకూడదు. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని కేంద్రం 2005లోనే నిషేధించింది. ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు మొక్క రసంలోకే వెళతాయి. పైన ఎంత కడిగినా లోపలిది పోదు. బొద్దింకల, దోమల స్ప్రేలు కూడా కుండీ దగ్గరికి రాకూడదు. పైగా మందు ఎక్కువైతే చీడ తగ్గుతుందన్న నమ్మకం ఎంత తప్పో 2021 చివర్లో గుంటూరు, కృష్ణా, ఖమ్మం మిర్చి తోటలు చూపాయి. నల్ల తామర పురుగు పూతలో చేరినప్పుడు రైతులు మందు మీద మందు కొట్టారు. ఖర్చు పెరిగింది, పురుగు అదుపులోకి రాలేదు, దాన్ని తినే మిత్ర పురుగులు మాత్రం ఆ మందులకు తుడిచిపెట్టుకుపోయాయి.

ఇన్ని చేసినా కొన్ని మొక్కలు కోలుకోవు. కాండం పొడవునా పిండినల్లి పాకి, వేళ్ల దాకా దిగిన మొక్కను పక్క కుండీల కోసం తీసేయడమే న్యాయం. దాన్ని కోసి సంచిలో మూట కట్టి చెత్త బండిలో వేయాలి, డాబా మూలన పడేయకూడదు. ఆ మట్టిని మే నెల ఎండలో పారదర్శకమైన ప్లాస్టిక్ కింద పలచగా పరిచి మూడు నాలుగు వారాలు ఉంచితే గుడ్లు, పురుగులు వేడికి చస్తాయి. కుండీని సబ్బుతో తోమి ఎండబెట్టాలి. పుదీనా అయితే చీడ లేని కొమ్మ కాడను నీళ్లలో పెట్టి వేళ్లు వచ్చాక నాటుకోవచ్చు. తులసి అయితే ముదిరిన కంకుల గింజలు చల్లుకోవచ్చు. కరివేపాకు అయితే ఆషాఢ శ్రావణాల్లో నల్లగా పండిన పండ్ల గింజలను రాలిన వారంలోపే విత్తుకోవాలి, ఆలస్యమైతే మొలవవు.